సాల్మన్ ఫ్లై రాడ్లు, సులువైన కాస్టింగ్: సీమ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూల్లో ఫ్లై రాడ్, అంటే ఈకలు చుట్టిన ముల్లును (ఫ్లై) విసిరి చేపలు పట్టే పొడుగాటి కర్ర, బయటికి తీస్తే జనం ముందు నవ్వుతారు, తర్వాత దగ్గరికొచ్చి కింది ప్రశ్నలే అడుగుతారు. అడిగేవాళ్లలో చాలామందికి పిల్లలు సియాటిల్‌లోనో, వాంకూవర్‌లోనో, అబర్డీన్‌లోనో ఉంటారు. చూడ్డానికి వెళ్లినప్పుడు కొడుకో అల్లుడో నది దగ్గరికి తీసుకెళ్లి పొడుగాటి రాడ్ చేతికిస్తాడు. ఆ రోజు తెల్లమొహం వేయకుండా ఇక్కడే కాస్త చేయి తిప్పుకుని పోదామనుకునే వాళ్ల కోసం ఈ పేజీ.

అన్నా, మన తుంగభద్రలో సాల్మన్ లేదు కదా. ఈ గోల మనకెందుకు?

లేదు, రాదు కూడా. అది చల్లటి నీళ్ల చేప. అట్లాంటిక్ సాల్మన్ స్కాట్లండ్, నార్వే, ఐస్‌లాండ్, తూర్పు కెనడా నదుల్లో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ పుట్టిన నదికే ఎదురెక్కుతుంది. పసిఫిక్ వైపు చినూక్, కోహో లాంటి వేరే జాతులున్నాయి. అయితే విసరడం (కాస్టింగ్) నేర్చుకోవడానికి చేపతో పనిలేదు. గ్రౌండ్ చాలు, చెరువుంటే ఇంకా మంచిది.

నేర్చుకునే వెళ్లమని ఎందుకంటానంటే, సాల్మన్ నదిలోకి వచ్చాక మేత మానేస్తుంది. ఆకలి లేని చేప అది. చిరాకుతోనో పాత అలవాటుతోనో ఎప్పుడో ఒకసారి ఫ్లైని నోట కరుస్తుంది. అందుకని వేటగాడు నదికి అడ్డంగా విసిరి, ప్రవాహంలో ఫ్లైని ఒడ్డువైపు తిరగనిచ్చి, రెండడుగులు కిందికి జరిగి మళ్లీ విసరాలి. రోజంతా ఇదే పని, వందల సార్లు. పక్కవాళ్లకు చేప పడి మీకు పడకపోతే అది అదృష్టం. మధ్యాహ్నానికే మీ భుజం పట్టేస్తే మాత్రం అది విసరడంలో లోపం. సాల్మన్ రాడ్లలో కొత్తగా వచ్చిన మార్పులన్నీ ఈ భుజం చుట్టూ తిరిగేవే.

మామూలు గాలం కర్రకూ దీనికీ తేడా ఏంటి?

గాలంలో సీసం గుండు బరువు ముందుకు పోతూ దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లైకి బరువుండదు. ఈకలు, బొచ్చు, దారం చుట్టిన చిన్న ముల్లు అంతే. ఇక్కడ బరువంతా లైన్‌దే. లావుగా, ప్లాస్టిక్ పూతతో ఉండే ఆ లైన్ చర్నాకోల లాగా మెలిక విప్పుకుంటూ పోయి చివర్న ఫ్లైని పడేస్తుంది. కాబట్టి ఫ్లై రాడ్ పని ఫ్లైని విసరడం కాదు, లైన్‌ని విసరడం. ఈ ఒక్కటి బుర్రకెక్కితే కింద రాసిన సగం సంగతులు వాటంతటవే అర్థమవుతాయి.

"ఎవరైనా సులువుగా విసరగల రాడ్" అని ప్రకటనలు వస్తున్నాయి. నిజంగా ఉందా?

సులువైన రాడ్ ఉంది. కానీ అది విడిగా ఉండదు, సరైన లైన్‌తో కలిస్తేనే ఉంటుంది. పేరున్న కంపెనీల టాప్ మోడళ్ల ధర 1,000 డాలర్లు దాటిపోయింది. అలాంటి రాడ్‌కు బరువు చాలని లైన్ ఎక్కిస్తే అది వంగదు, వంగనిది తిరిగి తన్నదు. అప్పుడు లైన్‌ని తోసే పనంతా చేయి మీద పడుతుంది. ఓ మాదిరి రాడ్‌కు సరిపోయే లైన్ వేసి చూడండి, పదినిమిషాల్లో మీ మొహంలో తేడా కనిపిస్తుంది.

రాడ్ మీద 5, 8, 10 అని నంబర్లుంటాయి. అవి రాడ్ సైజు నంబర్లని చాలామంది అనుకుంటారు. ఆ రాడ్ మోయాల్సిన లైన్ బరువును అవి చెబుతాయి. ఒక చేత్తో విసిరే రాడ్లకు కొలత ఇది: లైన్ ముందు భాగంలో 30 అడుగులు తూస్తే 5 నంబర్‌కు 140 గ్రెయిన్లు, 8 నంబర్‌కు 210, 10 నంబర్‌కు 280 ఉండాలి. గ్రాముల్లో సుమారు 9, 13.6, 18. మీ లైన్ మీద అనుమానం వస్తే 30 అడుగులు కొలిచి, చుట్టగా చుట్టి, తెలిసిన బంగారం కొట్టులో కాటా మీద పెట్టించండి. వాళ్లకు ఇదో వింత, నవ్వుతూనే తూచిపెడతారు. కంపెనీలు సులువుగా ఉంటుందని చెప్పి 8 నంబర్ డబ్బాలో 9 నంబర్ బరువు లైన్ పెట్టడం మామూలే, కాబట్టి డబ్బా మీది నంబర్ కంటే కాటానే నమ్మండి.

రెండు చేతుల రాడ్ల లెక్క వేరు. 8 నంబర్ రెండు చేతుల రాడ్ మోసే లైన్ బరువు, 8 నంబర్ ఒక చేతి రాడ్ మోసేదానికి రెట్టింపు దాటుతుంది. నంబర్ ఒకటే కదా అని దీని లైన్ దానికి వేస్తే రెండూ పనిచేయవు. అమెరికా నుంచి లైన్ తెప్పించుకునే మనవాళ్లు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

రెండు చేతుల రాడ్‌తో విసిరే పద్ధతి ఎక్కడ పుట్టింది, ఎందుకు?

19వ శతాబ్దంలో స్కాట్లండ్‌లోని స్పే నది ఒడ్డున. వెనక నిటారు గట్టు, చెట్లు. ముందుకు విసరాలంటే ముందు లైన్‌ని వెనక్కి పూర్తిగా పంపాలి, అదేమో కొమ్మల్లో చిక్కుకుంటుంది. అందుకని లైన్‌ని వెనక్కి పంపకుండా, కొస నీటి మీద ఆనించి, మిగతాది రాడ్ వెనక ఇంగ్లిష్ 'డి' అక్షరం ఆకారంలో తేల్చి అక్కడినుంచి ముందుకు కొట్టే పద్ధతి పుట్టింది. ఆ నది పేరే దానికి పెట్టి స్పే కాస్టింగ్ అంటున్నారు. నీటికి ఆనిన కొస యాంకర్, వెనక తేలే భాగం డి-లూప్.

మన కెసి కెనాల్ గట్టు మీద నిలబడి చూడండి, వెనక తుమ్మచెట్లు. ఒక చేతి రాడ్‌తో రెండోసారి విసిరేలోపు ఫ్లై చెట్టు మీద ఉంటుంది. అదే చోట రెండు చేతుల రాడ్‌తో హాయిగా అవతలి గట్టు దాకా పంపొచ్చు.

పద్ధతి ఇలా ఉంటుంది. కుడి చేయి పై పిడి మీద, ఎడమ చేయి అడుగున ఉన్న చిన్న పిడి మీద. ముందుకు కొట్టేటప్పుడు ఎడమ చేయి రాడ్ అడుగు భాగాన్ని పొట్టవైపు లాగాలి. కుడి చేయి అక్కడే ఇరుసుగా ఉండాలి. కొత్తవాళ్లంతా కుడి చేత్తో తోస్తారు. దాంతో రాడ్ కొస గుండ్రంగా తిరిగి, లైన్ పెద్ద వలయంగా విచ్చుకుని కాళ్ల ముందే కుప్పగా పడుతుంది. పై పిడిని బొటనవేలు, మరో రెండు వేళ్లతో మాత్రమే పట్టుకుని విసిరి చూడమంటాను. గట్టిగా తోయడానికి వీలుండదు కాబట్టి కింది చేయి తనంతట తానే పనిలోకి దిగుతుంది. రెండు చేతుల రాడ్ బరువు ఒక చేతి రాడ్‌కు దాదాపు రెట్టింపు. అయినా సాయంత్రానికి తక్కువ అలసిపోతారు, ఎందుకంటే మోసేది రెండు చేతులు, లాగేది వీపు కండరాలు. సాల్మన్ రాడ్లలో ఇప్పటిదాకా వచ్చిన ఏ కొత్త కార్బన్ గుడ్డా, ఏ కొత్త జిగురూ మనిషికి ఇంత మేలు చేయలేదని నా అభిప్రాయం.

స్కాజిట్, స్కాండి అంటుంటారు. అవి రాడ్లా, లైన్లా?

లైన్లు. పాత స్పే లైన్లో బరువు భాగం 60, 70 అడుగులు ఉండేది. అంత పొడుగు లైన్‌ని లేపి తిప్పడానికి 15 అడుగుల రాడ్, ఏళ్ల సాధన కావాలి. తర్వాత ఆ బరువునంతా పొట్టి ముక్కలోకి కుదించారు. ఆ ముక్కను హెడ్ అంటారు. దాని వెనక సన్నటి రన్నింగ్ లైన్ ఉంటుంది. హెడ్ ఎగిరిపోతూ దాన్ని లాక్కుపోతుంది.

స్కాండినేవియా పద్ధతి వెనక స్వీడన్‌కు చెందిన యోరాన్ ఆండర్సన్ ఉన్నాడు. కింది చేత్తో లాగడాన్నే ముఖ్యం చేసి అండర్‌హ్యాండ్ కాస్ట్‌ని నలుగురికీ నేర్పింది ఆయనే. స్కాండి హెడ్ 30 నుంచి 40 అడుగులు, ముందుకు పోను పోను సన్నబడుతుంది, మెత్తగా వాలుతుంది. తేలే లైన్, చిన్న ఫ్లైలు, వేసవి నీళ్లు ఉన్నప్పుడు ఇది బాగుంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ నది పేరుతో వచ్చిన హెడ్ ఇంకా పొట్టి, 20 నుంచి 25 అడుగులు, మొద్దుగా లావుగా ఉంటుంది. చలికాలంలో లోతుకు మునిగే కొసనూ పెద్ద ఫ్లైనూ మోయడానికి తయారైంది. చూడ్డానికి మోటుగా ఉంటుంది గానీ కొత్తవాళ్ల తప్పుల్ని బాగా భరిస్తుంది. యాంకర్ నీటి మీద ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి మీకు ఆలోచించుకునే టైమ్ దొరుకుతుంది.

మొదటిసారి వెళ్తుంటే నన్నడిగితే స్కాజిట్ హెడ్‌తో మొదలుపెట్టమంటాను. స్కాండి అందం తర్వాత చూసుకోవచ్చు.

స్విచ్ రాడ్ సంగతేంటి?

సుమారు పదిన్నర నుంచి పదకొండున్నర అడుగులు. ఒక చేత్తోనైనా రెండు చేతులతోనైనా విసరొచ్చని అమ్ముతారు. ఒక చేత్తో రోజంతా విసరడానికి బరువెక్కువ. రెండు చేతులతో చిన్న నదిలో బాగుంటుంది. రెండూ చేస్తుందని మాత్రం కొనకండి.

కార్బన్, హై మాడ్యులస్, నానో... ఇందులో నిజమెంత, మాటల గారడీ ఎంత?

కొంచెం వెనక్కి వెళ్దాం. పాత సాల్మన్ రాడ్లు దక్షిణ అమెరికా నుంచి వచ్చే గ్రీన్‌హార్ట్ అనే బరువైన కలపతో చేసేవాళ్లు. 18 అడుగులవి కిలో పైనే తూగేవి. తర్వాత వెదురును ఆరు చీలికలుగా చీల్చి, ఒక్కో చీలికను మూడు కోణాల పుల్లగా చెక్కి, ఆరింటినీ జిగురుతో అతికి ఆరు పలకల రాడ్ చేయడం వచ్చింది. అమెరికాలో మెయిన్ రాష్ట్రానికి చెందిన హైరమ్ లియొనార్డ్ 1870ల్లో దీన్ని వ్యాపారంగా నిలబెట్టాడు. అప్పటి తొలి వెదురు రాడ్లకు వాడింది మన దేశం నుంచి పోయిన కలకత్తా వెదురే. బోలు తక్కువగా ఉండే ఆ గట్టి జాతి మన నల్లమలలోనూ పెరుగుతుంది. తర్వాత చైనాలో గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు టోంకిన్ వెదురు దాని చోటు తీసుకుంది, దాని నార ఇంకా సూటిగా, కణుపులు దూరంగా ఉంటాయి. 1950లో అమెరికా చైనాతో వ్యాపారం ఆపేయడంతో ఆ వెదురు రాక ఆగిపోయింది, అప్పటికే వచ్చిన ఫైబర్‌గ్లాస్ ఊపందుకుంది.

కార్బన్ నార మీద 1960ల్లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో విమాన పరిశోధన సంస్థ పనిచేసింది. 1973లో ఫెన్విక్ కంపెనీ దాంతో ఫ్లై రాడ్లు మార్కెట్లోకి తెచ్చింది. నిజమైన పెద్ద మార్పు అదే. బరువు సగానికి పైగా పడిపోయింది, 15 అడుగుల రాడ్‌ను మామూలు మనిషి రోజంతా వాడగలిగాడు.

మాడ్యులస్ అంటే ఆ నార సాగడానికి ఎంత మొండికేస్తుందో చెప్పే లెక్క. మామూలు కార్బన్ నారకు 230 గిగాపాస్కల్ దగ్గర, ఐఎం7 లాంటి వాటికి 276 దగ్గర. ఎక్కువ మాడ్యులస్ నార అయితే తక్కువ గుడ్డతో అంతే బిగువు వస్తుంది, రాడ్ తేలికవుతుంది. దాంతోపాటు బోలు రాడ్ గోడ పల్చనై, దెబ్బ తగిలితే పగిలే గుణం పెరుగుతుంది. ఐఎం6, ఐఎం7 అనేవి హెర్క్యులిస్ అనే కంపెనీ తన నారలకు పెట్టుకున్న పేర్లు. క్వాలిటీ ముద్రల్లాగా వాటిని రాడ్ మీద అచ్చేసి అమ్మడం చూసి మోసపోవద్దు. 2010 ప్రాంతంలో త్రీఎం కంపెనీ తయారుచేసిన నానో సిలికా కలిపిన జిగురుతో హార్డీ కంపెనీ సింట్రిక్స్ రాడ్లు తెచ్చింది. అది ఉత్తి గారడీ కాదు. నార మధ్య ఉండే జిగురు గట్టిపడితే పల్చటి గోడ కూడా దెబ్బకు తట్టుకుంటుంది.

నార కంటే ఎక్కువ తేడా తెచ్చేది రాడ్ ఎలా సన్నబడుతుందన్నది. జిగురు పట్టిన కార్బన్ గుడ్డను ఒక లెక్క ప్రకారం కత్తిరించి, కొసకు సన్నబడే స్టీలు ఊచ మీద చుట్టి, పైన టేపు బిగించి, పొయ్యిలో ఉడికించి, ఊచను లాగేస్తారు. ఎక్కడ ఎన్ని పొరలు పడతాయన్నది ఆ కత్తిరింపులో ఉంటుంది. గొప్ప డిజైనర్ తెలివంతా అక్కడే. అది బ్రోషర్లో కనపడదు.

ఫాస్ట్ యాక్షన్ రాడ్ తీసుకుంటే దూరం పోతుందా?

ఫాస్ట్ అంటే పైభాగమే ఎక్కువ వంగుతుంది, త్వరగా నిటారవుతుంది. చేయి తిరిగినవాళ్లకు, ఎదురుగాలికి బాగుంటుంది. కొత్తవాళ్లకు రాడ్ ఎప్పుడు వంగిందో చేతికి తెలియదు, తొందరపడతారు. మధ్య దాకా వంగేది తీసుకోండి. అది మీ చేతికి కబురు పంపుతుంది.

ఒకే నంబర్ ఉన్న రెండు రాడ్లలో ఏది బిగువో ఇంట్లో తెలుసుకోవచ్చా?

భేషుగ్గా. అమెరికాలో విలియం హానెమన్ అనే రసాయన శాస్త్రవేత్త చిల్లర నాణేలతో ఒక పద్ధతి కనిపెట్టాడు. దాన్ని మన రూపాయి బిళ్లలతో చేయొచ్చు. రాడ్ పిడిని డైనింగ్ టేబుల్ అంచున దిండు, ఇటుకలతో కదలకుండా బిగించండి. రాడ్ నేలకు సమాంతరంగా ఉండాలి. కొస ఎంత ఎత్తులో ఉందో గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. రాడ్ పొడవులో మూడో వంతు కిందికి ఇంకో గీత, అంటే 9 అడుగుల రాడ్‌కు 3 అడుగులు. పేపర్ క్లిప్పుకు చిన్న కవర్ తగిలించి కొసన వేలాడదీయండి. అందులో ఒక్కో బిళ్ల వేస్తూ పోండి, ఊగడం ఆగేదాకా ఆగి చూడండి. కొస కింది గీతకు దిగగానే కవర్‌ని బిళ్లలతో సహా తూచండి. ఆ గ్రాములే రాడ్ అసలు బిగువు. పాత రూపాయి, కొత్త రూపాయి ఒకే బరువుండవు కాబట్టి బిళ్లలు లెక్కపెట్టకండి, తూచాల్సిందే.

పక్కపక్కన రెండు 8 నంబర్ రాడ్లకు ఇలా చేస్తే ఒకటి నిజంగా 7కు, ఇంకోటి 9కి దగ్గరగా తేలడం చూసి కొన్నవాళ్లకు ఒళ్లు మండుతుంది. మండనివ్వండి, కనీసం ఏ లైన్ ఎక్కించాలో తెలుస్తుంది. రెండు చేతుల పొడుగు రాడ్‌కు హాలు చాలకపోతే మిద్దె మీద, గాలి లేని పొద్దున పూట చేయండి.

నాలుగు ముక్కల రాడ్ మంచిదా, ఆరు ముక్కలదా? జాయింట్ల దగ్గర బలం తగ్గదా?

ఒకప్పుడు ఇత్తడి జాయింట్లు ఉండేవి, అక్కడ రాడ్ వంగేది కాదు. ఇన్వర్నెస్‌కు చెందిన అలెగ్జాండర్ గ్రాంట్ దీనికి విరుగుడుగా ముక్కల చివర్లను ఏటవాలుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి ఆనించి పట్టీతో చుట్టే గ్రీన్‌హార్ట్ రాడ్లు చేశాడు. వాటికి వైబ్రేషన్ రాడ్లని పేరు. ఇప్పటి కార్బన్ జాయింట్లు ముక్కలో ముక్క దూరేవి, రాడ్‌తో పాటే వంగుతాయి. 13 అడుగుల రాడ్ నాలుగు ముక్కలైతే ఒక్కోటి మూడున్నర అడుగుల లోపు. ఓర్వకల్ నుంచో కడప నుంచో చిన్న విమానంలో వెళ్లేవాళ్లు రాడ్ పెట్టే గొట్టం పొడవు ముందే ఎయిర్‌లైన్‌ని అడగండి. ఆరు ముక్కలది సూట్‌కేసులో పడుతుంది, కాస్త బరువు ఎక్కువ. వాడకంలో తేడా పట్టుకోవడం కష్టం.

అసలు ప్రమాదం వేరే ఉంది. స్పే కాస్టింగ్‌లో రాడ్ మెలితిరుగుతుంది, జాయింట్లు మెల్లగా వదులవుతాయి. వదులైన జాయింట్‌తో ఒక్క గట్టి విసురు చాలు, చెవి దగ్గర టప్‌మని పగులుతుంది. అందుకని ప్రతి జాయింట్‌కూ ఎలక్ట్రీషియన్లు వాడే నల్ల టేపు రెండు చుట్లు వేయండి. స్కాట్లండ్‌లో గైడ్లు చేసేదీ అదే. మగ భాగానికి కొవ్వొత్తి మైనం కాస్త రుద్దితే పట్టు బాగుంటుంది.

పిడి, రింగులు, రీల్ సీటు (లైన్ చుట్టే రీల్ కూర్చునే చోటు)... వీటిలో కొత్తదనం పనికొస్తుందా?

కొసన లైన్ దూరే రింగుల బరువు తగ్గితే తేడా ఉంటుంది, ఎందుకంటే పిడికి దూరంగా ఉన్న ప్రతి గ్రామూ చేతికి ఎక్కువగా తెలుస్తుంది. నికెల్, టైటానియం కలిసిన తీగతో చేసిన రింగులు వంగినా మళ్లీ నిలబడతాయి. రాడ్‌ను నిలబెట్టినప్పుడు పై చేతి దగ్గరే తూగేలా రీల్ బరువు సరిచూసుకోండి. మిగతావన్నీ సోకు.

నాకు అరవై దాటాయి, భుజం నొప్పి. డాక్టర్ బరువులెత్తొద్దన్నాడు. కుదురుతుందా?

ముందు డాక్టర్‌ని అడగండి. ఆయన సరేనంటే 12 నుంచి 13 అడుగుల, 7 నంబర్ రెండు చేతుల రాడ్, స్కాజిట్ హెడ్ తీసుకోండి. మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉంచండి. చేతులు తల పైకి లేస్తున్నాయంటే పద్ధతి తప్పిందన్నమాట. పంచాయతీ ట్యాంకు నుంచి నీళ్లు మోసిన తరం మీది, బలం గురించి బెంగ అక్కర్లేదు. బలం వాడకుండా ఉండటమే మీకు కష్టం. మా దగ్గరికొచ్చే ఆడవాళ్లు మగవాళ్ల కంటే త్వరగా నేర్చుకోవడానికి కారణమూ అదే, మొదటి రోజునుంచీ రాడ్ చేత పనిచేయిస్తారు.

ప్రాక్టీస్ ఎక్కడ చేయాలి?

ఒక చేతి రాడ్‌కు కాలేజీ గ్రౌండ్ చాలు. లీడర్ (లైన్ కొసకు కట్టే సన్నటి దారం) చివర ముల్లు కట్టొద్దు, ఎర్ర ఉన్ని పోగు కట్టండి. స్పే కాస్టింగ్‌కు నీళ్లు కావాలి, లేకపోతే యాంకర్ నిలవదు. నీళ్లు దొరక్కపోతే బిరుసు నైలాన్ దారంతో లీడర్ కట్టి, అడుగుకో ముడి వేసి, ముడి దగ్గర తోకల్ని రెండంగుళాలు వదిలేయండి. ఆ తోకలు గడ్డిని పట్టుకుని నీళ్ల పని చేస్తాయి. ఇసుకలోనూ సిమెంటు మీదా వద్దు, లైన్ పూత గీసుకుపోతుంది.

అనంతపురం వాళ్లు గాలి గురించి వాపోతారు. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడి గాలికి గాలిమరలే సాక్ష్యం. నన్నడిగితే అదే వాళ్ల అదృష్టం. స్కాట్లండ్‌లో గాలి లేని రోజు తక్కువ. స్పేలో సూత్రం ఒకటే, గాలి మీ ఒంటి మీదుగా ఏ వైపుకు పోతుందో యాంకర్ ఆ వైపునే పడాలి. నదికి ఎగువ దిశగా గాలి వీస్తుంటే సింగిల్ స్పే, స్నాప్-టి అనే విసుర్లు. దిగువ దిశగా వీస్తుంటే డబుల్ స్పే, స్నేక్ రోల్. దీన్ని తిరగేస్తే ముల్లు చెవిలోకి వస్తుంది. కళ్లద్దాలు, టోపీ లేకుండా ప్రాక్టీస్ చేయొద్దు.

చెరువు, రిజర్వాయర్ అయితే అక్కడి మత్స్యకార సంఘాన్ని ముందు అడగండి. చేప పిల్లలు వదిలి పెంచుకునేది వాళ్లు. రాడ్ పట్టుకుని దిగితే అనుమానిస్తారు, న్యాయమే. సుంకేశుల దగ్గర గేట్లు ఎత్తే కాలంలో నీళ్లలోకి అసలు దిగొద్దు. గండికోట వెనక నీళ్లలో రాతి అంచు నుంచి ఒక్కసారిగా లోతు.

కరెంటు తీగలతో ప్రమాదమా?

చాలా. కార్బన్ కరెంటును బాగా మోస్తుంది. 13 అడుగుల రాడ్ ఎత్తి పట్టుకుంటే మీ ఎత్తూ కలిసి 20 అడుగుల దగ్గరికి పోతుంది. మన కాలువ గట్ల మీద, పొలాల్లో 11 కేవీ తీగలు కిందికి వేలాడుతుంటాయి. తీగకు తాకనక్కర్లేదు, దగ్గరికి పోయినా కరెంటు దూకొచ్చు. తీగల కింద రాడ్ అతికించి నడవొద్దు, ముక్కలు విప్పి పట్టుకెళ్లండి. ఉరుము వినపడితే రాడ్ కింద పెట్టి దూరంగా వెళ్లిపోండి. ఈ జవాబు మాత్రం పిల్లలకు చదివి వినిపించండి.

సాల్మన్ రాడ్‌తో మన చేపలు పడతాయా?

కొర్రమీను పడుతుంది. కలుపు మొక్కల అంచున నీటి పైన కప్పలా కదిలే ఫ్లై వేస్తే నీళ్లు పగిలేలా కొడుతుంది. దానికి 8 నంబర్ ఒక చేతి రాడ్ సరిపోతుంది, రెండు చేతులది అనవసరం. నీటి మీద ఎర్రటి చిన్న పిల్లల గుంపు ఉడుకుతున్నట్టు కనిపిస్తే అక్కడ వేయొద్దు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. వాటిని పట్టేస్తే ఆ గుంపంతా గంటలో మిగతా చేపల నోట్లోకే. జిలేబీ చిన్న ఫ్లైకి వస్తుంది. బొచ్చె, శీలావతి తినేది నాచు, నలుసులు, వాటి కోసం ఫ్లైతో కూర్చోవడం ఓపిక పరీక్ష.

మన ఎండకు రాడ్ పాడవుతుందా?

కార్బన్‌కు ఏమీ కాదు. లైన్‌కు అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కారు డిక్కీలో వదిలేస్తే పూత జిగటైపోతుంది. ఎండలో పడేసిన రాడ్ పిడి బెండు ఎండి పగులుతుంది. పెన్నా ఇసుక జాయింట్‌లో దూరితే నూరినట్టు అరిగిపోతుంది, తుడిచి అతికించండి. లైన్‌ని గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల సబ్బుతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిస్తే జారుడు మళ్లీ వస్తుంది.

రాడ్ ఎక్కువగా ఎలా విరుగుతుంది?

చేప బలానికి విరిగేవి తక్కువ. కారు డోర్, సీలింగ్ ఫ్యాన్, వదులు జాయింట్, బరువైన ఫ్లై వచ్చి గోడకు తగలడం, ఇవే ఎక్కువ. చేపను ఒడ్డుకు లాగేటప్పుడు రాడ్‌ను నిటారు దాటించి వెనక్కి వంచితే బరువంతా సన్నటి కొస మీద పడి విరుగుతుంది. రాడ్ దించి, వెనక్కి నడవండి.

అక్కడి రూల్స్ ఏంటి?

నదికో రూలు. స్కాట్లండ్‌లో ఆదివారం సాల్మన్ వేట నిషేధం, కాబట్టి అల్లుడి వీకెండ్ ప్లాన్‌లో శనివారమే లెక్క. ఏప్రిల్ 1కి ముందు పట్టిన సాల్మన్‌ను అక్కడ వదిలేయాల్సిందే. అట్లాంటిక్ సాల్మన్‌ను 2023లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ముప్పుకు చేరువైన జాతుల్లో చేర్చింది, అందుకే ఎక్కువమంది ఏడాది పొడవునా వదిలేస్తున్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలో లైసెన్సుతో పాటు పట్టిన చేపలు రాసే కార్డు ఇస్తారు. నార్వేలో గైరోడాక్టిలస్ అనే పరాన్నజీవి కొన్ని నదుల్లో సాల్మన్‌ను తుడిచిపెట్టేసింది. అందుకని రాడ్, రీల్, బూట్లు మందులో ముంచి శుద్ధి చేయించి, ఆ చీటీ చూపిస్తేనే నదిలోకి రానిస్తారు. మన చెరువులో వాడిన సామాను బాగా కడిగి, పూర్తిగా ఆరబెట్టి తీసుకెళ్లండి.

మొదటి రాడ్ ఏది కొనాలి?

అక్కడికి వెళ్లి ఒక్కసారే వేసేదుంటే కొనొద్దు, గైడ్ దగ్గర రాడ్ ఉంటుంది. కొనాలనే ఉంటే 13 అడుగులు, 8 నంబర్, నాలుగు ముక్కలు, మధ్య దాకా వంగేది. సెకండ్‌హ్యాండ్ అయినా పర్వాలేదు. ప్రతి ముక్కనూ వెలుతురులో తిప్పి సన్నటి గీతలు చూడండి, రింగుల లోపల ఇయర్‌బడ్ తిప్పండి. దూది పోగు పట్టుకుందంటే రింగు పగిలింది, అది లైన్‌ని కోసేస్తుంది. బడ్జెట్లో మూడో వంతు లైన్‌కు పక్కన పెట్టండి. ఆ రాడ్‌కు ఎన్ని గ్రెయిన్ల హెడ్ కావాలో అమ్మేవాడిని అడిగి రాసుకోండి. చెప్పలేకపోతే ఇంకో కొట్టు చూసుకోండి.

మా పాపకు పదేళ్లు. నేర్పొచ్చా?

నేర్పండి. ఏడున్నర లేదా 8 అడుగుల రాడ్, 4 లేదా 5 నంబర్ లైన్, ఉన్ని పోగు, కళ్లద్దాలు. ఒకసారికి పావుగంట చాలు. విసుగు రాకముందే ఆపేస్తే మర్నాడు తనే రాడ్ తీసుకురమ్మంటుంది.